కొట్టు సరుకు లేని ఒక్క పూట

మా బావ నూకన్నకు పిచ్చి పట్టిందని పట్నంలోని మా పేట డైరీ ఫార్మ్‌లో మొదట అన్నది నేనే. ఆ మాట వెనక్కి తీసుకునే ఉద్దేశం ఇప్పటికీ లేదు. కాకపోతే ఆ పిచ్చి ఏ రకమో చూద్దామని ఏడాది పాటు ఆదివారం వస్తే చాలు, బస్సెక్కి తుష్నాబాద్ వెళ్లేదాన్ని. కుట్టుమిషన్ తొక్కుకుని బతికేదాన్ని, వారానికి నాకు దొరికేది ఒక్క సెలవు. అది కాస్తా ఆయన నత్తలకూ కోళ్లకూ ధారపోశాను.

నూకన్న నాకు రెండు విధాల బావ. మా అప్ప, అంటే తోడబుట్టిన అక్క రామలక్ష్మికి మొగుడు, మా అమ్మ దేముడమ్మకు సొంత అన్న కొడుకు. అందుకే మా అమ్మ ఆయన్ని అల్లుడని ఏనాడూ మన్నించిన పాపాన పోలేదు. "ఒరే నూకన్నా" అనే పిలుస్తుంది. భీమిలి వైపు నుంచి ఈ దీవులకు వచ్చిన చేపల వేటగాళ్లం మేము. మా వంశంలో చేపలు పట్టడం రాకుండా పుట్టినవాడు మా నాన్న ఒక్కడే. ఆయనకి సముద్రం పడేది కాదు. డోంగీ పడవ ఎక్కితే జెట్టీ దాటకముందే వాంతులు. ఒడ్డున అందరూ నవ్వుతుంటే ఆ సిగ్గుతోనే కొండల్లోకి కూలికి పోయాడు. తర్వాత తుష్నాబాద్ దగ్గర రెండు కొండల మధ్య కాస్త నేల సంపాదించి, మా అమ్మతో కలిసి అడవి కొట్టి వరి పండించాడు. నేనూ అప్పా పుట్టింది అక్కడే. మా బడి చదువులకని పట్నం చేరాం. నాన్న పోయాక ఆ నేల మళ్లీ అడవిలో కలిసిపోయింది. అమ్మ నా దగ్గరే ఉంటోంది.

ఇక మా బావ. మీసాలు రాకముందు నుంచి సముద్రం మీదే బతికాడు. ఒకసారి బరువు వల లాగుతుంటే కుడి భుజం జారింది. ఆసుపత్రిలో సరిచేశారు గానీ, ఆ చెయ్యి భుజం ఎత్తు దాటి పైకి లేవదు. వల విసరలేనివాడికి డోంగీ దేనికి? తన తమ్ముడికి ఇచ్చేసి ఇంట్లో కూర్చున్నాడు. కూర్చోవడమంటే మామూలుగా కాదు. గడప మీద కూర్చుని దారిన పోయే వాళ్లందరికీ సముద్రానికి పోటు ఎప్పుడో పాటు ఎప్పుడో అడక్కుండానే చెప్పేవాడు. కుళాయి దగ్గర నీళ్ల వరసలో ఆడవాళ్లతో తగువు పడేవాడు. ఒకరోజు అప్ప నా షాపుకొచ్చి కూలబడింది.

"పెట్టింది తినట్లేదే కళా. సగం కంచంలోనే ఒగ్గేస్తన్నాడు. అడిగితే, కూకుని తినేవోడికి ఇంత కూడెందుకంతాడు."

నేనెప్పుడూ బావని ఆటపట్టించేదాన్నే. కానీ ఆ మాట వినేసరికి నాకు సూది చేతిలోనే ఆగిపోయింది. అంత మనిషి ఒక ముద్ద అన్నానికి సిగ్గుపడుతున్నాడంటే చాలా బాధేసింది.

ఆ రోజుల్లోనే మా తమ్ముడు చిరంజీవి ఒక కబురు తెచ్చాడు. వాడు టూరిస్టులకి కారు నడుపుతాడు. ఎవరో పెద్దమనిషి మా నేలను లీజుకు తీసుకుని గుడిసెల్లాంటి గదులు కడతాడట, వచ్చేవాళ్లు అక్కడ ఉంటారట. నేల అమ్మ పేరు మీద ఉంది. సంవత్సరాది ముందు వచ్చే కొత్త అమావాస్య నాడు, నూకాలమ్మకు దణ్ణం పెట్టుకుని అందరం మా ఇంట్లో భోజనానికి చేరినప్పుడు ఆ మాట వచ్చింది. అప్పటిదాకా గోడకి ఆనుకుని కూర్చున్న బావ నోరు విప్పాడు.

"అత్తా, ఆ నేల నాకియ్యి. పండించుకుని తింతాను."

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నేనే నవ్వాను. "బావా, వరికీ గడ్డికీ తేడా తెలుసా నీకు?"

"తెల్దే మరదలా. కోనాం చేప ఏదో వంజరం చేప ఏదో కూడా పుట్టగానే తెల్దు గదా నాకు" అన్నాడు.

అమ్మ అన్నం కలిపి ఒక ముద్ద తింది. తర్వాత చెప్పింది. "ఒరే నూకన్నా, మళ్లీ కొత్త అమాస్యకి ఆ నేల మీద నాకు ఒక్క పూట కూడు పెట్టు. బియ్యం, పప్పు, కూర, నూనె, అన్నీ అక్కడ పండినయ్యే అవ్వాల. కొట్టు సరుకు ఒక్కటి కూడా ఆకులో కనపడకూడదు. పెట్టావా, నేల నీది. పెట్టలేపోయావా, సిరంజీవి సెప్పినోడికి ఇచ్చీద్దారి."

"చేప?" అన్నాడు బావ ఆశగా.

"చేపొద్దు. అది నీకొచ్చిన ఇద్దే గదా."

"మరి ఉప్పో?"

"సముద్రం నీళ్లు కాసుకో. ఇంకోమాట. నన్నేటీ అడక్కు. నానేటీ సెప్పను."

అందరూ వెళ్లాక నాకు ఒళ్లు మండింది. అన్నీ తెలిసిన మనిషి నోరు కుట్టేసుకుంటే వాళ్లెలా నేర్చుకుంటారని అడిగాను. "సెప్తే సేస్తాడు. సెప్పకపోతే నేర్చుకుంతాడు" అని అటు తిరిగి పడుకుంది. మా అమ్మతో వాదించడం కన్నా మిషన్ తొక్కుకోవడం మేలు.

అప్పా బావా ఒక ట్రంకు పెట్టె, నాలుగు గిన్నెలు, చిరిగిన వలల మూటలు పట్టుకుని తుష్నాబాద్ వెళ్లిపోయారు. వలలెందుకో నాకు అర్థం కాలేదు. మొదటి ఆదివారం వెళ్లి చూస్తే నాన్న కట్టిన రేకుల ఇల్లు తీగల కింద ఉండలా కనిపించింది. తీగలన్నీ నరికాక లోపల వక్కచెట్లు బయటపడ్డాయి. వాటి మీద నాన్న ఎక్కించిన మిరియాల పాదులు ఎవరూ పట్టించుకోకపోయినా బతికే ఉన్నాయి. అప్ప వాటిని పట్టుకుని ఏడ్చింది. నేను ఏడవలేదు, గింజ ఒకటి కొరికి నోరు మంట పెట్టుకున్నాను.

వలల సంగతి తర్వాత తెలిసింది. అక్కడ జింకలు మందలుగా వచ్చి మొక్కనేది లేకుండా మేసేస్తాయి. బావ ఆ పాత నైలాను వలలన్నీ అతికి, పొలం చుట్టూ గుంజలకి కట్టాడు. కంచె కట్టడంలో ఆయన్ని మించినవాడు లేడు. పక్క పొలం బెంగాలీ ముసలాయన, అందరూ దాదా అంటారు, వచ్చి ఆ ముడులు చూసి, "అరే వాహ్ నూకన్న భయ్యా, హిరన్ తో క్యా, హవా భీ నహీఁ ఆయేగా" అని, జింకే కాదు గాలి కూడా దూరదని మెచ్చుకున్నాడు. బావ మొహం చాలాకాలానికి వెలిగింది. ఆ ముసలాయనే గంపెడు వరి విత్తనాలు కూడా ఇచ్చాడు.

సముద్రం తెలివి ఒకచోట పనికొస్తే ఇంకోచోట కొంప ముంచింది. మొదటి వానలకి నత్తలు బయటికొచ్చాయి. ఒక్కొక్కటీ అరచేతంత. యుద్ధంలో జపానువాళ్లు తెచ్చి వదిలారంటారు, నిజమో అబద్ధమో నాకు తెలీదు. అవి మిరప నారు మీద పడ్డాయి. వేటగాడికి పురుగు పట్టినా, చీమ పట్టినా తోచే మందు ఒక్కటే. ఉప్పు. చేపలు ఎండబెట్టడానికి పెట్టుకున్న రాళ్ల ఉప్పు బస్తా విప్పి మడి చుట్టూ గోడలా పోశాడు. నత్తలు చచ్చాయి. నాకు ఫోన్ చేసి గొప్పలు పోయాడు. సాయంత్రం సన్నగా జల్లు పడింది. ఆ ఉప్పంతా కరిగి మడిలోకి దిగింది. నేను వెళ్లేసరికి మిరప నారు మాడిన పేపరు ముక్కల్లా ఉంది.

"బావా, మిరపకాయలు ఊరవేశావా ఏంటి, కాయకముందే?" అన్నాను.

ఆయన నవ్వలేదు. మడి పక్కన కూర్చుని ఆ ఆకుల్ని ఒక్కొక్కటే తిప్పి చూస్తున్నాడు. మర్నాటి నుంచి తెల్లవారుతూనే బకెట్ పట్టుకుని నత్తల్ని చేత్తో ఏరడం మొదలుపెట్టాడు. తర్వాత రెండు బాతుల్ని తెచ్చాడు. చిన్న నత్తల్ని అవే తినేసేవి. మిరప మాత్రం ఆ ఏడు మళ్లీ కుదరలేదు. అందుకని అప్ప కూరల్లో మిరియాలు దంచి వెయ్యడం అలవాటు చేసుకుంది.

ఇలా ప్రతి ఆదివారం ఏదో ఒక వింత. ఒకసారి ఫోన్‌లో హిందీ వీడియో పెట్టుకుని, కోడిని పొదగెయ్యడం ఎలాగో మొగుడూ పెళ్లాం ఇద్దరూ తల వంచి చూస్తున్నారు. వీడియోలో ఆయన అట్టపెట్టె, బల్బు అంటున్నాడు. వీళ్ల దగ్గర కరెంటు ఎప్పుడుంటుందో దానికే తెలీదు. చివరికి అప్పకి ఎప్పుడో చిన్నప్పుడు చూసింది గుర్తొచ్చి, బుట్టలో గడ్డి పరిచి, గుడ్లు పేర్చి, పెట్టని కూర్చోబెట్టింది. పిల్లలు లేచిన రోజు బావ నాకు ఫోన్ చేసి, అవి కియ్యిమనడం వినిపించాడు.

ఇంకోసారి కొబ్బరి తురిమి, పాలు తీసి, కట్టెల పొయ్యి మీద నూనె కాస్తున్నారు. మొదటి బాండీ మాడ్చారు. రెండోదాంట్లో నూనె తేలి, అడుగున ఎర్రటి పిప్పి మిగిలింది. ఆ పిప్పిలో బెల్లం వేసుకుంటే ఎంత బాగుంటుందో నాకు అప్పటిదాకా తెలీదు. బెల్లం నేనే తీసుకెళ్లాను, అది లెక్కలోకి రాదు.

బావకి కూడా దాదాకి నేర్పే విద్య ఒకటుంది. గాలి వాసన చూసి వాన ఎప్పుడొస్తుందో చెప్పేస్తాడు. కోతల కాలంలో ఆ చుట్టుపక్కల వాళ్లంతా ధాన్యం ఆరబోసే ముందు, "నూకన్న భయ్యా, బారిష్ హై క్యా?" అని కేక వేసి అడిగేవాళ్లు. ఆయన గుమ్మంలోకొచ్చి, ముక్కు పైకెత్తి, "దోపహర్ కే బాద్, జల్దీ ఉఠా లేనా" అనేవాడు, మధ్యాహ్నం దాటాక పడుతుంది, త్వరగా ఎత్తేసుకోమని. ఆ మాట తప్పడం నేను చూడలేదు.

పంట మరీ ఎక్కువేం కాదు. ఆ కాస్త పల్లం ముక్కలో వచ్చినంతే. చెయ్యి పైకి లేవదు గనక కోసిన వరి పనల్ని పైకెత్తి బల్ల మీద బాదలేకపోయాడు. నడుం దగ్గర్నుంచే ఊపి కొట్టాడు. అప్ప రోట్లో దంచింది. నేనూ ఒక ఆదివారం రోకలి పట్టి, సోమవారం మిషన్ తొక్కలేక షాపు మూసుకున్నాను.

వేటకెళ్లి వచ్చినవాడు ఒడ్డున నిలబడ్డవాళ్లకి తలా ఒక చేప వెయ్యకుండా ఇంటికి రాడు. అది మా ఆచారం. బావ బియ్యం విషయంలోనూ అదే చేశాడు. నాకో సంచీ, డోంగీ తీసుకున్న తన తమ్ముడికో సంచీ, కుళాయి దగ్గర తగువు పడ్డ ఆడవాళ్లకి కూడా ఇంటికింత. చిరంజీవికి సైతం పంపాడు. వాడు ఆ బియ్యం వండుకుని తిని, "బాగానే ఉన్నాయి యార్" అన్నాడట కక్కలేక మింగలేక. మిగిలింది అమ్మకి పెట్టాల్సిన పూట కోసం దాచారు.

కొత్త అమావాస్య వచ్చింది. చిరంజీవి కారులో అమ్మనీ నన్నూ తీసుకెళ్లాడు. నాన్న పోయాక అమ్మ అక్కడ కాలు పెట్టడం అదే మొదలు. దిగుతూనే వల కంచె పట్టుకుని లాగి చూసింది. వక్కచెట్ల దగ్గర కాసేపు నిలబడింది. పల్లంలో కోసిన వరి మొదళ్ల మధ్య అప్ప పెసలు చల్లింది, కాయలు చాలావరకు కోసేశారు. అమ్మ వంగి ఒక కాయ తెంపి చూసుకుంది. బావ వెనకే నడుస్తున్నాడు, ఉతికిన లుంగీ కట్టి, నూనె రాసి తల దువ్వుకుని, పరీక్షకొచ్చిన పిల్లాడిలా.

ఈలోగా చిరంజీవి వంటింట్లో దూరి, కస్టమ్స్ ఆఫీసరు మాదిరి ప్రతి డబ్బా మూత తీసి వాసన చూశాడు. నూనె ఇక్కడిదేనా, పులుపెక్కడిది, చింతపండు కొన్నారా అని ఒకటే ఆరా. అప్పకి కోపమొచ్చి పచ్చిమామిడికాయ వాడి చేతిలో పెట్టి, "కొరికి సూడు, ఏ కొట్లో కొన్నానో సెప్తాది" అంది. వాడు కొరికి కళ్లు మూసుకున్నాడు.

ఆకు వేశారు. కొత్త బియ్యం అన్నం, కాస్త ఎర్రగా, నూకలతో. మామిడికాయ వేసిన పెసరపప్పు. కొబ్బరినూనెలో మగ్గిన ఆనపకాయ కూర. బచ్చలాకు, మిరియాల చారు. బావ సముద్రం నీళ్లు కాచి చేసిన ఉప్పు ఒక మూల. బావ కూర్చోలేదు. స్తంభానికి ఎడమ భుజం ఆనించి అమ్మ చేతి వంకే చూస్తున్నాడు.

అమ్మ అన్నంలో చెయ్యి పెట్టింది. పప్పు కలిపింది. ముద్ద చేసింది. నోటిదాకా తీసుకెళ్లి ఆగింది.

"ఇత్తనాలేవిరా?"

"ఏ ఇత్తనాలు అత్తా?"

"వరి ఇత్తనాలు. వచ్చే ఏటికి దాసినయ్యి."

బావ అప్ప వంక చూశాడు. అప్ప నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నాకూ అప్పుడే వెలిగింది. ఇన్ని ఆదివారాలు వచ్చి, ఇన్ని వింతలు చూసి, ఒక్కసారీ నాకూ ఆ మాట తట్టలేదు.

"మొత్తం దంపీసేం అమ్మా" అంది అప్ప. "పంచగా మిగిలినయ్యి ఇయ్యే."

అమ్మ ముద్ద ఆకులో పెట్టేసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"సముద్రంలో అయితే రేపు మల్లీ ఉంటాది గదా అత్తా" అన్నాడు బావ. సాకు చెబుతున్నట్టు లేదు. నిజంగానే తెలియక అంటున్నాడు. "ఇవాల్టి చేప ఇవాలే పంచీయాల. దాసుకుంటే పాడయిపోతాది."

"దాదా దగ్గర మళ్లీ తీసుకుంటే సరిపోదా?" అన్నాను, ఎలాగైనా అమ్మ చెయ్యి మళ్లీ ఆకులోకి రావాలని.

"మొదటి ఇత్తనం ఎవరైనా ఇస్తారు. రెండోసారి అడిగితే అది అడుక్కోడవే."

చిరంజీవి లేచాడు. "అయితే అమ్మా, బావ ఓడిపోయినట్టే గదా? నేను ఆయనకి ఫోన్ చేసేస్తా..."

"నువ్వు నోరు ముయ్యి" అంది అమ్మ. లేచి, చెయ్యి కడుక్కుని, బయటికి నడిచింది. కారు వైపు వెళుతోందనుకున్నాను. బావ మొహం చూడలేకపోయాను.

అమ్మ కారు దాటిపోయింది. ఇంటి వెనక గడ్డికుప్ప దగ్గరికి వెళ్లి, దాని పక్కన కాళ్లు చాపుకుని కూర్చుంది. గుప్పెడు గడ్డి లాగి, కొసలు వేళ్ల మధ్య వేసి కిందికి దువ్వింది. ఒళ్లో నాలుగు గింజలు రాలాయి. ఇంకో గుప్పెడు లాగింది.

"సూస్తన్నారేటి? రండి. ఒలే రామలచ్చీ, ఆకు మీద ఇంకో ఆకు కప్పి రా, ఈగలు ముసురుతాయి."

అందరం చుట్టూ కూర్చున్నాం. బావ సరిగా కొట్టలేకపోయాడు గనక పరకకి రెండు మూడు గింజలు మిగిలే ఉన్నాయి. పనిమంతుడు కొట్టి ఉంటే ఆ గడ్డిలో ఏమీ దొరికేది కాదు. కాసేపటికి చిరంజీవి కూడా జీన్స్ ప్యాంటు మడుచుకుని కూర్చున్నాడు. ఏరడంలో వాడి వేళ్లు అందరికన్నా చురుగ్గా ఉన్నాయి. ఆ సంగతి వాడికే నచ్చలేదనుకుంటాను.

నాకు ఉండబట్టలేదు. "గడ్డిలో ఉంటాయని నీకెలా తెలుసమ్మా?"

అమ్మ ఏరడం ఆపలేదు. "మొదటేడు నానూ తినీసాను గనక."

ఇంకో గుప్పెడు లాగి దువ్వుతూ చెప్పుకొచ్చింది.

"మీ నాయిన అడ్డమాడేడు, ఉంచుదారే అని. నాను ఇన్నానా? ఒడ్డు మీద మనోల్లు నవ్వేరు గదా, ఆల్లకి సూపించాలని ఇంటింటికీ బస్తాలు మోయించీసేను. పక్కింట్లో రాంచీ నుంచి వచ్చినావిడ కూడా సెప్పింది, బీజ్ రఖో దీదీ, బీజ్ రఖో, ఇత్తనం దాసుకో అని. నవ్వీసేను. తరవాత ఈ నూకన్న లాగే అన్నాను, రేపు మల్లీ ఉంటాది గదా అని. వానలొచ్చేయి. అందరూ నారు పోస్తన్నారు. మాకు గింజ లేదు. మీ నాయిన ఇక్కడే కూకుని ఏడిసేడు. ఇద్దరం ఈ గడ్డిలోనే ఏరేం."

"నాతో ముందే ఒక్క మాట సెప్తే పోయేది గదా అత్తా" అన్నాడు బావ.

"నాకు సెప్పలేదేట్రా? ఇన్నానేటి? మనం ఒడ్డు మనుసులం. మనకి సెప్తే ఎక్కదు."

నాకు మా అమ్మ మీద ఎంత కోపం వచ్చిందో అంత ప్రేమా వచ్చింది. ఇన్నేళ్లూ ఒకే గదిలో పడుకున్నాం. ఈ సంగతి ఒక్కసారీ నాకు చెప్పలేదు.

గడ్డికుప్ప సగం తిరగేసేసరికి ఎండ వక్కచెట్ల వెనక్కి దిగింది. అప్ప చేటలో పోసి చెరిగింది. తాలు ఎగిరిపోగా దోసెడు గట్టి గింజలు తేలాయి. అమ్మ వాటిని చీర కొంగులో పోసి, గట్టిగా ముడేసింది. ఇంట్లోకి వచ్చి, కప్పిన ఆకు తీసి, చల్లారిపోయిన అన్నం ముందు కూర్చుంది. ముద్ద తర్వాత ముద్ద, ఆకు ఖాళీ చేసింది. మిరియాల చారు రెండోసారి అడిగి పోయించుకుంది.

"ఇంతకీ ఏమైనట్టమ్మా?" అన్నాడు చిరంజీవి.

"ఏటైతాది? కొట్టు సరుకు లేదు. మాట మాటే. నేల ఆడిదే."

బావ స్తంభం దగ్గరే కిందికి జారి కూర్చుని, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అప్ప ఆయన వీపు మీద చెయ్యి వేసింది. కాసేపటికి ఆయన తేరుకుని, కళ్లు తుడుచుకుని, విత్తనాల కోసం అమ్మ ముందు చెయ్యి చాపాడు. అమ్మ కొంగు ముడి వెనక్కి లాక్కుంది.

"నేల నీది. ఇత్తనం నాది. వానలు పడి నారు పోసినరోజు ఇప్పుతాను, అప్పటిదాకా నీ సేతికి ఇయ్యను."

"అప్పటిదాకా డైరీ ఫార్మ్‌లో ఎక్కడ దాస్తావు అత్తా?"

"డైరీ ఫార్మ్ ఎందుకెల్తాను? ఇత్తనం ఉన్నకాడే ఉంటాను."

చిరంజీవి కారు తిప్పుతున్నాడు. నేను గుమ్మంలో నిలబడి, బట్టలు పంపమంటావా అని అడిగాను. అమ్మ అప్పటికే పెట్ట దగ్గరికి వెళ్లి బుట్ట సర్దుతోంది. తల ఎత్తకుండానే చెప్పింది.

"రెండు సీరలు సాలు. కొంగు గట్టిగా ఉన్నయ్యి సూసి పంపు."